ఓపెన్ సోర్స్‌లో రాసేవాళ్లకు కొదవ లేదు, చూసేవాళ్లే లేరు

2024 మొదట్లో, వెబ్‌సైట్లు తయారుచేయడానికి వాడే ఎక్స్‌ప్రెస్ జేఎస్ అనే ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్పులు సూచించగల) ప్రాజెక్టు మీద పుల్ రిక్వెస్టులు, అంటే ‘ఈ మార్పు చేర్చండి’ అనే అభ్యర్థనలు, కుప్పలుగా వచ్చి పడ్డాయి. తెరిచి చూస్తే చాలావాటిలో ఉన్నదల్లా రీడ్‌మీ ఫైల్లో ఎవరో విద్యార్థి చేర్చిన తన పేరు. కోడ్‌లో మార్పులను నమోదుచేసే గిట్ అనే సాధనాన్ని నేర్పే ఒక యూట్యూబ్ పాఠంలో ఆ ప్రాజెక్టునే ఉదాహరణగా చూపించారు, చూసినవాళ్లు అచ్చం అలాగే చేశారు. అందులో మన దేశపు ఇంజినీరింగ్ విద్యార్థులే ఎక్కువ. నవ్వి ఊరుకోవచ్చు గానీ, అలాంటి ప్రతి రిక్వెస్టునూ ఎవరో ఒకరు తీరిక చేసుకుని తెరిచి, చూసి, మూసేయాలి.

ఇది కొత్త జబ్బేమీ కాదు. ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించేందుకు అక్టోబరులో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులు పూర్తిచేసిన మొదటి 70 వేల మందికి టీషర్టు అన్నారు. చెత్త ఎంతగా పోగుపడిందంటే, మాకు సమ్మతమే అని ముందుగా చెప్పిన ప్రాజెక్టులకే పోటీని పరిమితం చేస్తూ వారం తిరక్కుండానే నిబంధన మార్చారు. ఇప్పుడు ఆ టీషర్టు స్థానంలో రెజ్యూమె వచ్చింది, అంతే. ప్లేస్‌మెంట్ల వేళ కోడ్ ఉంచుకునే సైటు గిట్‌హబ్ ప్రొఫైల్లో, ఏ రోజు పనిచేశారో చూపే పచ్చగళ్లు లెక్కపెట్టే పద్ధతి ఉన్నంతకాలం పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు.

అసలు కొరత ఎక్కడుందో ఎక్స్‌జడ్ ఉదంతం చెబుతుంది. లినక్స్‌లో దాదాపు అంతటా ఉండే ఈ కంప్రెషన్ లైబ్రరీని (ఫైళ్ల సైజు తగ్గించడానికి ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) లాసె కొలిన్ ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా నెట్టుకొచ్చారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని హాబీ పని అని 2022లో ఆయన బాహాటంగానే చెప్పుకున్నారు. మార్పులు ఆలస్యమవుతున్నాయంటూ కొన్ని ఖాతాలు ఆయన్ను సతాయిస్తుంటే, ‘జియా టాన్’ పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, చివరికి నిర్వహణలో భాగస్వామి అయ్యారు. 2024లో విడుదలైన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టింది ఆ ఖాతానే. దూరంలోని కంప్యూటర్లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి బయటపడింది. ఆ ప్రాజెక్టులో ఇంకో రెండు జతల కళ్లు ముందునుంచీ ఉండుంటే కొలిన్‌కు అంత ఒత్తిడి ఉండేది కాదు, ముక్కూమొహం తెలియని మనిషి చేతికి తాళాలు అంత తేలిగ్గా వెళ్లేవీ కావు.

కాబట్టి కొత్తగా వచ్చేవాళ్లు కోడ్‌తోనే మొదలుపెట్టాలన్న పట్టుదల మానుకోవాలి. ఇంకెవరో చెప్పిన బగ్ తమ మెషీన్లో కూడా వస్తోందో లేదో చూసి, ఏ వెర్షన్లో వస్తోందో, ఏం నొక్కితే వస్తోందో రాసిపెట్టినా ప్రాజెక్టు నిర్వహణ చూసే మెయింటెయినర్‌కు సగం భారం తగ్గుతుంది.

తెలుగువాళ్లు తప్ప పట్టుకోలేని బగ్‌లూ ఉన్నాయి. తెలుగీకరణ పనిని హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి సంస్థలు ఏళ్లుగా చేస్తున్నాయి. నేననేది అనువాదం సంగతి కాదు. ‘రాజ్‌కుమార్’ అని టైపు చేసేటప్పుడు జ్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని గుర్తు పడాలి. పడకపోతే క కాస్తా వత్తుగా మారి ‘రాజ్కుమార్’ అవుతుంది. జనం రెండు రకాలుగానూ రాస్తారు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఒకలా వెతికితే రెండోది దొరకదు, ఆ పేరున్న మనిషి జాబితాలో లేనట్టే లెక్క. రెండు పేర్లున్న చిన్న ఫైలు, ఫాంట్ పేరు, వెర్షన్ నంబరు, ఒక స్క్రీన్‌షాట్ జతచేసి పంపితే తెలుగు అక్షరం ముక్క రాని డెవలపరైనా పని మొదలుపెట్టగలడు.