చూడటం కంపల్సరీ, బాగుచేయడం ఆప్షనల్

బ్రిటన్ సర్కారు బడిపిల్లల ఎముకలను పట్టించుకున్నది పిల్లల మీద మమకారంతోనేనని నమ్మే అమాయకులు ఉంటే వాళ్లకో నమస్కారం. 1899లో దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధానికి మనుషులు కావలసివచ్చారు. ఉత్సాహంగా వచ్చిన కుర్రాళ్లలో చాలామంది సైన్యానికి పనికిరారని తేలింది. తుపాకీ మోయాలంటే ముందు తిన్నగా నిలబడాలి కదా! దాంతో పెద్దలు హడలిపోయి ఓ కమిటీ వేశారు. బడి వయసు నుంచే పిల్లలను డాక్టర్లు చూడాలని అది 1904లో రిపోర్టు ఇచ్చింది. కమిటీలు వేయడం మనం నేర్చుకున్నది ఎవరి దగ్గరనుకున్నారు?

1907లో చట్టం వచ్చింది. పరిపాలన అనే కళకు ఇంతకు మించిన నమూనా నేనైతే చూడలేదు. బడిలో చేరిన ప్రతి పిల్లనూ, పిల్లాడినీ డాక్టర్ పరీక్షించి తీరాలి. మరి జబ్బు కనబడితే వైద్యం? అది స్థానిక అధికారుల ఇష్టం.

కాస్త ఊహించుకోండి. చొక్కా విప్పిన ఏడేళ్ల బుడతడు చలికి వణుకుతూ నిలబడ్డాడు. మడమలు కలపమన్నారు, కలిపాడు. మోకాళ్ల మధ్య పిడికిలి పట్టేంత సందు. ‘దొడ్డికాళ్లు, రికెట్స్’ (ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు) అని కార్డు మీద రాసుకుని, ‘తర్వాత ఎవరు?’ అన్నారు. వాడు ఆ కాళ్లతోనే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. అయితేనేం, ఇప్పుడవి రికార్డులకెక్కిన కాళ్లు!

1909లో మరో చట్టం. వైద్యం చేయిస్తే ఖర్చు తల్లిదండ్రుల దగ్గరే వసూలు చేయాలి, బొత్తిగా ఇచ్చుకోలేని వాళ్లయితే తప్ప. చాలీచాలని తిండితో, పొగ కమ్మిన సందుల్లో ఎండ తగలక ఎముకలు వంగిపోయిన ఇంటికే బిల్లు. వైద్యం చేయించడం కూడా విధేనని ఒప్పుకోవడానికి 1918 దాకా పట్టింది. ఈలోగా ఇంకో పెద్ద యుద్ధం వచ్చి, మళ్లీ కాళ్ల అవసరం పడింది లెండి.

ఈ పద్ధతికి తూట్లు పొడిచిన మనిషి ఆగ్నెస్ హంట్ అనే నర్సు. చట్టం లేదు, కమిటీ లేదు, 1900లోనే ష్రాప్‌షైర్‌లోని బాస్‌చర్చ్ అనే పల్లెలో నడవలేని పిల్లలను చేరదీసింది. మెట్ల మీదుగా మోయలేక తోటలో ఓ పక్క గోడే లేని షెడ్లు వేయించి, మంచాలు అక్కడే పరిపించింది. లివర్‌పూల్ సర్జన్ రాబర్ట్ జోన్స్‌ను కూడా ఇందులోకి లాగింది. ఇంటికెళ్లిన పిల్లలను సైతం వదలకుండా చుట్టుపక్కల ఊళ్లలో క్లినిక్‌లు పెట్టింది. ఒక్క ఫారం నింపకముందే వైద్యమా! క్రమశిక్షణ అంటే లెక్కే లేదు.

అన్నట్టు, ఆవిడకూ చిన్నప్పుడే తుంటి చెడి కాలు కుంటిదైంది. ఆ రోజుల్లోనే బడి డాక్టర్ ఉండుంటే, చక్కగా కార్డు మీద రాసుకుని తర్వాతి పిల్లను పిలిచేవాడు.