దూడ పుట్టని జున్ను

అనంతపురం పట్టణవాసుల ఆరోగ్యానికి, ఆత్మగౌరవానికి, మా ఫ్రిజ్‌లోని రెండో అరకు సంబంధించిన ఒక తీవ్ర పరిణామాన్ని పాఠకుల దృష్టికి తేవడం నా విధిగా భావిస్తున్నాను. మొన్న శనివారం మా ఇంట్లో చీజ్‌కేకు తయారైంది. ఉత్త చీజ్‌కేకు అయితే కలం పట్టేవాణ్ణి కాదు. ఇది తేలికపాటి చీజ్‌కేకు. ప్రోటీన్ ఎక్కువ ఉన్న చీజ్‌కేకు. "ఇది కేకు కాదు మామా, ఆహారం" అని బెంగళూరు నుంచి వచ్చిన మా మేనకోడలు ప్రకటించింది. అయితే యాభై ఏళ్లుగా ఈ ఇంట్లో నేను తింటున్నది ఏమిటా అని అప్పటినుంచి ఆలోచనలో పడ్డాను.

ప్రోటీన్ మాకు కొత్త కాదు. మేము చదువుకున్న రోజుల్లో దాని పేరు మాంసకృత్తులు. పిండిపదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు అని ఒక వరసలో బట్టీ పట్టి, రెండు మార్కులు తెచ్చుకుని, వాటిని ఆ జవాబు పత్రంలోనే వదిలేసి ఇంటికి వచ్చాం. పేరులో మాంసం ఉంది కాబట్టి శాకాహారుల ఇళ్లలో ఆ పాఠాన్ని కాస్త గొంతు తగ్గించి చదివేవారు. మాంసకృత్తులుగా ఉన్నన్నాళ్లూ దాన్ని పలకరించిన నాథుడు లేడు. అదే పేరు మార్చుకుని, బెంగళూరు వెళ్లి, డబ్బాలో కూర్చుని, 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా తిరిగి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ లేచి కుర్చీ వేశారు. మా ఊళ్లో మనుషుల విషయంలోనూ ఇంతే అనుకోండి.

ప్రమాదం పేరు దగ్గరే మొదలైంది. మా అమ్మకు ఎనభై ఆరేళ్లు. మనవరాలి పుణ్యమా అని ఇంట్లో అందరం అవ్వ అనే పిలుస్తాం. చీజ్ అంటే ఏమిటని ఆవిడ అడిగింది. నేను నిఘంటువు మనిషిని. జున్ను అని చెప్పాను. అవ్వ ముఖం వెలిగిపోయింది. "ఎవరి గేదె ఈనింది?" అంది.

ఎవరి గేదే ఈనలేదని, దూడ పుట్టలేదని, ఇది ఇంగ్లీషు జున్ను అని విడమరచి చెప్పడానికి పావుగంట పట్టింది. ఆవిడ చివరిదాకా ఓపికగా విని, "దూడ లేకుండా జున్ను ఎక్కడినుంచి వస్తుంది నాయనా?" అని మళ్లీ మొదటికి వచ్చింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

తెలియని వారి కోసం చెబుతున్నాను. పట్టణాల్లో పుట్టిన వారికి ఇది నిజంగానే తెలియకపోవచ్చు. ఈనిన గేదె మొదటి రోజు పాలు చిక్కగా, పసుపుపచ్చగా ఉంటాయి. వాటిలో మామూలు పాలు కొన్ని పోసి, బెల్లం, యాలకులు, ఇంత మిరియాల పొడి వేసి, ఆ గిన్నెను నీళ్లున్న మరో గిన్నెలో పెట్టి మూత వేస్తే దానంతట అదే గడ్డకడుతుంది. గుడ్డు అక్కర్లేదు, మొక్కజొన్న పిండి అక్కర్లేదు. తొలి పాలలో మాంసకృత్తులు మామూలు పాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వేడి తగలగానే అవే బిగుసుకుంటాయి. అంటే ప్రోటీన్ ఎక్కువ ఉన్న తీపి వంటకాన్ని, నీళ్ల గిన్నెలో పెట్టి సన్నని సెగ మీద వండే విద్యను మా వాళ్లు పశువుల కొట్టం పక్కనే సాధించారు. మా మేనకోడలు ఓవెన్‌లో పళ్లెం పెట్టి, అందులో వేడినీళ్లు పోసి, ఆ నీళ్లలో కేకు గిన్నె పెట్టి, "ఇదే అసలు కిటుకు మామా" అన్నప్పుడు అవ్వ నావైపు చూసిన చూపును వర్ణించే శక్తి నాకు లేదు.

వంటకు కావలసింది కాటేజ్ చీజ్. తెమ్మని నన్ను పంపారు. మా వీధి దుకాణదారు క్షణం ఆలోచించకుండా పనీర్ పొట్లం చేతిలో పెట్టాడు. అతని తప్పు లేదు. మన దేశంలో హోటళ్లవాళ్లు పనీర్‌ను ఇంగ్లీషులో కాటేజ్ చీజ్ అనే రాసుకుంటారు. కాని రెండూ ఒకటి కావు. పనీర్ బరువు కింద నలిగి గట్టిపడిన జాతి. కాటేజ్ చీజ్ ఎవరూ అదమని విరుగుడు, తడి తడిగా పలుకులు పలుకులుగా ఉంటుంది. పనీర్‌ను మిక్సీలో వేస్తే నునుపు తేలదు, పెన్నా ఇసుకలాగా మిగులుతుంది. నేను వేయించి చూశాను, అందుకే చెబుతున్నాను.

కాబట్టి ఇంట్లోనే చేయాలని తీర్మానమైంది. ఇక్కడ కొంచెం ఆగాలి. తెలుగు ఇంట్లో పాలు విరగడం అంటే చిన్న విషయం కాదు. ఉదయాన్నే పాలు విరిగితే ఆ రోజంతా ఇంట్లో స్వరం ఒక స్థాయి తగ్గుతుంది. పాలవాడి మీద, గిన్నె కడిగినవారి మీద, ఎండ మీద, చివరికి ఎదురింటివారి కళ్ల మీద విచారణ జరుగుతుంది. అలాంటి ఇంట్లో, పట్టపగలు, నలుగురి సమక్షంలో, మీగడ తీసిన మూడు లీటర్ల మంచి పాలను మరగకముందే దించి, నిమ్మరసం పిండి, కావాలని విరగ్గొట్టారు. అవ్వ వంటగది గుమ్మంలో నిలబడి, "అయ్యో, అయ్యో" అంటూనే ఉంది. విరుగుడును గుడ్డలో వడగట్టి, చన్నీళ్లతో కడిగి, చిటికెడు ఉప్పు, కాసిన్ని పాలు కలిపితే అర కిలో అటూఇటూగా తేలింది. మూడు లీటర్ల పాలు అర కిలో కావడాన్ని తేలికపాటి వంటకం అంటారని నాకు అప్పుడే అర్థమైంది. తేలికైంది ముందు నా జేబు.

మిగిలిన నీళ్లను అవ్వ పుల్లమజ్జిగ లెక్కన కరివేపాకు చెట్టు మొదట్లో పోసింది. మా మేనకోడలి తమ్ముడు వ్యాయామశాలకు వెళ్తాడు. చీజ్ కర్మాగారాల్లో మిగిలే ఇలాంటి నీళ్లనే వడపోసి, ఆరబెట్టి, పొడి చేసి డబ్బాల్లో పోస్తారు. ఆ పొడిని అతను నెలనెలా వేల రూపాయలు పోసి కొంటాడు. మా కరివేపాకు చెట్టుకు ఇప్పటిదాకా కండలు రాలేదు. వస్తే తెలియజేస్తాను.

లెక్క దగ్గర మాత్రం నేను న్యాయం తప్పను. మామూలు చీజ్‌కేకులో పోసే క్రీమ్ చీజ్ వంద గ్రాముల్లో కొవ్వు 34 గ్రాముల దాకా, ప్రోటీన్ 6 గ్రాములు ఉంటాయి. కాటేజ్ చీజ్‌లో కొవ్వు 4, ప్రోటీన్ 11. ఇక్కడిదాకా శాస్త్రం ఆ పిల్ల పక్షానే ఉంది. అర కిలో కాటేజ్ చీజ్, నీళ్లు వడకట్టిన గట్టి పెరుగు, రెండు గుడ్లు, కాస్త చక్కెర, ఒక చెంచా మొక్కజొన్న పిండి. ఎనిమిది ముక్కలు కోస్తే ముక్కకు 250 క్యాలరీలు, 11 గ్రాముల ప్రోటీన్ వస్తాయని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. మామూలు చీజ్‌కేకు ముక్క అయితే క్యాలరీల్లో దాదాపు దీనికి రెట్టింపు. ఆ కాగితాన్ని ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా చదివారు. సగమే కాబట్టి రెండు తినవచ్చునని మా ఆవిడ తేల్చింది. ప్రోటీన్ రెట్టింపు అవుతుంది కాబట్టి రెండు తినవలసిందేనని మేనల్లుడు సవరణ ప్రతిపాదించాడు. సవరణ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

కాగితం మీద ఒక సంగతి మాత్రం చిన్న అక్షరాల్లో ఉంది. కేకు అడుగున పరిచే కుకీలు 120 గ్రాములు, వాటిని అతకడానికి వెన్న 40 గ్రాములు. కుకీ అంటే మరేమీ కాదు, పై చదువులకు వెళ్లొచ్చిన బిస్కట్. మా వీధి బేకరీలో అది ఇంకా బటర్ బిస్కట్ పేరుతోనే బతుకుతోంది. ఆ రెండింటికీ కలిపి 850 క్యాలరీల పైమాటే. అంటే నలుగురికీ చూపించే తేలికదనం పైన ఉంది. క్యాలరీల్లో నలభై శాతం ఎవరికీ కనబడకుండా అడుగున పడుకుని ఉంది. మన బడ్జెట్‌లు చదివిన వారికి ఈ పద్ధతి కొత్త కాదు.

ఇప్పుడు అసలు బాధ. పదకొండు గ్రాముల ప్రోటీన్ అంటే ఎంత? ఒక గుప్పెడు వేరుశనగ పప్పు. నలభై గ్రాములు తూచుకోండి, పది గ్రాములు అందులోనే ఉన్నాయి. క్యాలరీల్లోనూ పెద్ద తేడా లేదు, సగం గింజ నూనే అయినా సరే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకుని, ఎర్రనేలలో కదిరి-6 విత్తనం వేసి, ఆకాశంవైపు చూస్తూ ముసలివాళ్లైపోయిన జిల్లా ఇది. వాన ఉన్న ఏడు ధర ఉండదు, ధర ఉన్న ఏడు కాయ ఉండదు. ఆ కాయ మార్కెట్ యార్డుకు వెళ్లినప్పుడు దాన్ని తేమ చూసి, నూనె చూసి, మట్టి చూసి ధర కడతారు. మాంసకృత్తుల ఊసు ఎవరూ ఎత్తరు. అదే కాయ పట్నం వెళ్లి, ముద్దగా నలిగి, పీనట్ బటర్ అని గాజు సీసాలోకి ఎక్కి, మెడలో ప్రోటీన్ అని బిళ్ల కట్టుకుని తిరిగి వస్తే మా కమలానగర్‌లోనే దాని వెల చూసి కళ్లు తిరుగుతాయి. కాబట్టి ఇకమీదట ప్రతి వేరుశనగ బస్తా మీద ప్రోటీన్ అనే మాటను పెద్ద అక్షరాల్లో రాయించాలని రైతులకు మనవి చేస్తున్నాను. అక్షరాలు ఇంగ్లీషులో ఉంటే ఇంకా రెండు రూపాయలు ఎక్కువ పలకవచ్చు.

ఇదంతా కొత్త ఆవిష్కరణ అనే భ్రమ కూడా పోవాలి. క్రీమ్ చీజ్ వయసు నూట యాభై ఏళ్లే. అమెరికాలో 1870లలో పుట్టింది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో, పొదుపుకు పేరుపడ్డ కేటో అనే రోమన్ పెద్దమనిషి వ్యవసాయం మీద పుస్తకం రాస్తూ మధ్యలో చీజ్ కేకు ఎలా చేయాలో చెప్పాడు: రెండు పౌండ్ల చీజ్, ఒక పౌండు పిండి, ఒక గుడ్డు, కింద ఆకులు. అక్కడితో ఆగలేదు. ఇంకా సుతిమెత్తగా కావాలంటే పిండి అర పౌండే వేయమన్నాడు. బెంగళూరు మేనకోడళ్లు ఆనాడే ఉన్నారన్నమాట.

కేకు ఓవెన్‌లోకి వెళ్లింది, వచ్చింది, నడిమధ్య పగిలింది. సెగ ఎక్కువైతే గుడ్డులోని మాంసకృత్తులు మరీ బిగుసుకుని పైపొరను లాగేస్తాయి. పదే పదే తలుపు తీసి చూసినా అంతే. తలుపు తీసింది ఎవరనే చర్చలోకి నేను పోదలచుకోలేదు. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. మే నెలలో మా ఊరి చెరువులు చూసిన కళ్లకు ఆ పగులు ఒక లెక్కా అని ఓదార్చాను. ఆ తర్వాత రాత్రంతా చల్లబరచాలన్నారు. 1800లో నిజాం మా సీమను, అంటే దత్తమండలాలను, ఈస్టిండియా కుంపిణీకి రాసిచ్చినప్పుడు కనీసం ఒక ఒడంబడిక జరిగింది. మా ఫ్రిజ్ రెండో అర సంతకమైనా లేకుండా చేతులు మారింది. దోశపిండి కాందిశీకురాలై బయటికి వచ్చి, తెల్లారేసరికి పొంగి పొర్లింది.

ఆదివారం ఉదయం రుచి చూశాం. నిజం చెప్పాలి: బాగుంది. కాస్త పులుపు, కాస్త తీపి, నాలుక మీద ఎక్కడో సన్నని పలుకు. అవ్వ ఒక చెంచా నోట్లో వేసుకుని, చాలాసేపు కళ్లు మూసుకుని, "జున్నే. కాని దూడ పుట్టలేదు" అని తీర్పు చెప్పి చెంచా కింద పెట్టింది. ఆవిడకు నచ్చలేదని అందరం అనుకున్నాం.

నాలుగు ముక్కలు మిగిలితే సాయంత్రం తిరుగు ప్రయాణంలో పిల్లకు కట్టిద్దామని దాచాం. నాలుగు గంటలకు ఫ్రిజ్ తెరిస్తే పళ్లెంలో నాలుగు ముక్కలూ ఉన్నాయి, కాని ఎత్తు తగ్గింది. పైనున్న తెల్లని భాగం పూర్తిగా మాయమై, అడుగున బిస్కట్ పలకలు మాత్రం చెక్కుచెదరకుండా, వరసగా, శుభ్రంగా నాకి పెట్టినట్టు ఉన్నాయి. ప్రోటీన్ వెళ్లిపోయింది, 850లో సగం మిగిలింది. ఇంట్లో గట్టి పదార్థం నమలలేనివారు ఒక్కరే. ఆవిడ వరండాలో గోడకు ఆనుకుని, జపమాల తిప్పుకుంటూ, ఎవరి గేదె ఎప్పుడు ఈనుతుందో పాలవాణ్ణి విచారిస్తోంది.

ఆ పలకల మీద వేయించిన వేరుశనగ పప్పు చల్లుకుని నేను తిన్నాను.