కడప పిల్లలకు సముద్రం ఒడ్డున ఒక ఇల్లు

మన కడప జిల్లాలాగే ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌కూ సముద్రం లేదు. బొగ్గు గనులు, నూలు మిల్లులు, రైలు కార్ఖానాల సీమ అది. అక్కడి పేద పిల్లల కోసం 1891లో స్కెగ్నెస్ తీరాన ఒక ధర్మ విడిది మొదలైంది. స్కెగ్నెస్ ఉన్నది లింకన్‌షైర్‌లో. విడిది వేరే వాళ్ల గడ్డ మీద ఉన్నా, అందులో దిగేది మాత్రం డెర్బీషైర్ పిల్లలే. తరాలు మారినా అది అలాగే సాగింది. సముద్రం లేని జిల్లా తన పిల్లల కోసం ఒడ్డున సొంత ఇల్లు పెట్టుకోవడం నన్ను బాగా కదిలించింది. కడప, కర్నూలు, అనంతపురం ఈ పనిని గట్టిగా ఆలోచించాలి.

మొదట్లో ఇది సెలవుల ముచ్చట కాదు, వైద్యం. గండమాలతో, అంటే మెడ గ్రంథులకు పట్టే క్షయతో బాధపడే లండన్ పేదల కోసం జాన్ కోక్లీ లెట్సమ్ అనే వైద్యుడు పూనుకోగా 1791లో మార్గేట్‌లో సముద్ర స్నానాల ఆసుపత్రికి బీజం పడింది. 1796లో అది తెరుచుకుంది. ఇటలీలో ఫ్లోరెన్స్ వైద్యుడు జుసెప్పే బారెల్లాయ్ 1856లో వియారెజ్జో తీరాన ఇదే పని మొదలుపెట్టాడు. పారిస్ నగరం 1861లో ఎక్కడో ఉత్తరాన బెర్క్ తీరంలో చెక్కలతో పిల్లల ఆసుపత్రి కట్టించింది, 1869 నాటికి పక్కనే పెద్దది లేచింది. క్షయ క్రిమిని జర్మన్ వైద్యుడు కోక్ కనిపెట్టింది 1882లో. దాన్ని చంపే మందు 1940ల్లో గానీ రాలేదు. అందాకా వైద్యుల చేతిలో ఉన్నవి గాలి, ఎండ, తిండి. ఉప్పునీళ్లకు క్షయను కుదిర్చే శక్తి లేదు. అయినా చీకటి గదుల్లోంచి బయటపడి, ఒంటికి ఎండ తగిలి, మూడు పూటలా కడుపు నిండితే కొందరు పిల్లలు కోలుకున్నారు. పిల్లల ఎముకలు మెత్తబడి వంగిపోయే రికెట్స్‌కు ఎండ ఎందుకు మందో 1920ల్లో విటమిన్ డి బయటపడ్డాక అర్థమైంది.

రోగం లేని పేద పిల్లలకూ సెలవులు కావాలన్న ఆలోచన తర్వాత వచ్చింది. జ్యూరిక్‌లో వాల్టర్ బియోన్ అనే పాస్టర్ 1876లో 68 మంది పిల్లలను అపెంజెల్ కొండలకు తీసుకెళ్లాడు. ఆ బాటలో వచ్చిన శిబిరాలు చాలాచోట్ల పిల్లలను రాగానే ఒకసారి, పోయేముందు ఒకసారి తూకం వేసి, పెరిగిన బరువును దాతలకు లెక్క చెప్పాయి. ఇంగ్లండ్‌లో పత్రికాధిపతి ఆర్థర్ పియర్సన్ 1892లో పెట్టిన నిధి తొమ్మిది పెన్నీలిస్తే ఒక పిల్లవాడికి ఒక రోజు ఆనందం అని చందాలు అడిగింది. ఆ తొమ్మిది పెన్నీలను నేను చిన్నచూపు చూడను. కానీ ఒక్కరోజు యాత్రలో పిల్ల అలను చూసి బెదిరి వెనక్కి పరుగెత్తుతుంది, అంతలో బస్సు హారన్ కొడుతుంది. మోకాలి లోతుకు దిగే ధైర్యం మర్నాడు వస్తుంది. ఆ మర్నాడు ఉండాలంటే రాత్రి పడుకోను ఇల్లు కావాలి.

ఈ చరిత్రలో మరక లేకపోలేదు. 1930ల్లో ముస్సోలినీ ప్రభుత్వం ఇటలీ తీరాల వెంట పెద్ద పెద్ద పిల్లల విడుదులు కట్టి, అందులో కవాతులు, సెల్యూట్లు నేర్పింది. అన్నం పెట్టిన చెయ్యే పిల్లల మనసులు మలిచే చెయ్యి అయింది. మరోవైపు, పారిస్ శివారు ఇవ్రీలో కార్మికుల పురపాలక సంఘం 1920ల చివర అట్లాంటిక్ తీరాన లే మాత్‌లో తన పిల్లల కోసం విడిది పెట్టుకుంది. దాత దయ మీద కాక, తమ ఊరి పిల్లలుగా వాళ్లు అక్కడికి వెళ్లారు. నా ఓటు ఈ దారికే.

మన దేశంలోనూ ఈ ఆలోచన కొత్తేం కాదు. మన రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలిగా 1953లో మొదలైన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, పేద పిల్లలకు సెలవు శిబిరాలు నడిపే సంస్థలకు గ్రాంట్లిచ్చింది. గ్రాంటు మీద నడిచే శిబిరం గ్రాంటుతోనే ఆగిపోతుంది. సొంత ఇల్లుంటే వచ్చే ఏడు పిల్లలను ఎందుకు పంపలేదని జిల్లా జనం అడగగలుగుతారు.

ఇంగ్లండ్ పద్ధతిని అలాగే దింపుకుంటే మాత్రం పొరపాటు. వాళ్లకు వేసవి అంటే హాయి. మనకు మే నెలలో నంద్యాల ఎంత మండుతుందో నెల్లూరూ ఇంచుమించు అంతే మండుతుంది, పైగా ఉక్కపోత. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. మనకు సరైన కాలం జనవరి నుంచి మార్చి. కోసిగి, ఆదోని, ఆలూరు వైపు పల్లెల్లో తల్లిదండ్రులు గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కోత కూలికి వలస పోయే రోజులు సరిగ్గా అవే. కొందరు పిల్లలు బడి మానేసి వాళ్ల వెంట పోతారు, కొందరు అవ్వాతాతల దగ్గర, సీజనల్ హాస్టళ్లలో మిగిలిపోతారు. ముందు పంపాల్సింది ఈ పిల్లలను. పది రోజుల విడిదిలో పొద్దున పాఠాలు, సాయంత్రం సముద్రం పెట్టుకుంటే చదువూ పోదు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బడి మూసినా పిల్లల ఆకలికి సెలవుండదని ఒప్పుకున్నాం కాబట్టి, వాళ్ల ఆటపాటల బాధ్యతను ఒప్పుకోవడం అంత కష్టం కాకూడదు.

తీరంలో జాగ్రత్తలు తప్పవు. బంగాళాఖాతం ఒడ్డున ఏటా యువకులు మునిగిపోతున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. ఈత తెలిసిన కాపలాదారులు, తాడు కట్టిన హద్దు, ఆడపిల్లలకు మహిళా సిబ్బంది లేకుండా ఒక్క పిల్లనూ పంపకూడదు.

ఇక దారి. కడప నుంచి నెల్లూరు పక్కన మైపాడు తీరానికి ఒక పూట ప్రయాణం. కర్నూలు, అనంతపురం పిల్లలు రాత్రి బస్సెక్కాలి. స్కెగ్నెస్‌కు 1873లో రైలు వచ్చాకే లోతట్టు ఊళ్ల జనానికి ఆ తీరం అందింది. మనకు ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా, వెలికొండల కింద 6.6 కిలోమీటర్ల సొరంగం తొలిచి వేసిన రైలుమార్గం 2019లో తెరుచుకుంది. ముఖ్యంగా కృష్ణపట్నం ఓడరేవు సరుకు కోసం వేసిన మార్గమది. ఏడాదికి కొన్ని పిల్లల బోగీలు దాని మీద నడపమని అడగడం అత్యాశ కాదు.

డబ్బుకూ ఆ పక్కనే ఆధారముంది. ఓబులవారిపల్లె మండలంలోనే మంగంపేట ముగ్గురాయి గనులున్నాయి. గనులున్న జిల్లాల్లో ఖనిజ నిధి సంస్థలు పెట్టాలని 2015లో చట్టం వచ్చింది. గనుల ప్రభావిత ప్రాంతాల ప్రజల కోసం ఆ నిధిని ఖర్చు చేయాలి, అందులో చదువు, ఆరోగ్యం, స్త్రీ శిశు సంక్షేమానికి పెద్దపీట వేయాలి. మంగంపేట చుట్టుపక్కల బడుల పిల్లలతో మొదటి ఏడాది మొదలుపెట్టి, తర్వాత సుగ్గి పల్లెలకు జిల్లా పరిషత్‌ల వాటాతో విస్తరించవచ్చు. మైపాడు వైపు కొంచెం స్థలం కోసం ఈ జిల్లాల కలెక్టర్లు నెల్లూరు కలెక్టర్‌కు లేఖ రాయడంతో పని మొదలవుతుంది.