పదహారు బస్తాల ఎలుకలు

మార్చి 31, అంటే ఖాతాల ఏడాది ఆఖరి రోజు, సాయంత్రం ఏ ఊళ్లో బియ్యం హోల్‌సేల్ కొట్టు చూసినా షట్టరు సగం దించి ఉంటుంది. లోపల స్టాకు లెక్క. గుమాస్తా గారి చేతిలో అట్ట, చెవి మీద పెన్ను. ఇవాళ బస్తా మొయ్యక్కర్లేదు, వేలు పెట్టి చూపిస్తే చాలని హమాలీలు మహా ఖుషీగా ఉంటారు. బ్యాంకు పంపిన ఆడిటర్ గారికి ఫ్యాను కింద కుర్చీ వేసి, ఆయన అక్కణ్ణుంచి లేవకుండా ఉండటానికి గంటకో టీ పోస్తారు.

మొదటి తప్పు టీ కన్నా ముందే జరిగిపోతుంది. కంప్యూటర్లో ట్యాలీ లెక్కల్లో ఉన్న జాబితాని అంకెలతో సహా ప్రింటు తీసి లెక్కపెట్టేవాళ్ల చేతికిస్తారు. ఆ కాగితంలో సరుకు పేరు, ఏ మూల ఉందో, ఎన్ని కిలోల ప్యాకింగో ఉండాలి. ఎన్ని ఉన్నాయనే గడి మాత్రం ఖాళీగా ఉండాలి. అందులో ముందే 400 అని కనబడితే, కుర్రాడు 387 దగ్గర దారి తప్పినా చివరికి 400 దగ్గరే తేలతాడు. ఒకడు పైకి చెప్పాలి, రెండోవాడు తిరిగి పలికి రాయాలి, లెక్కయిన లాటు (బస్తాల దొంతర) మీద సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. సుద్ద లేకపోతే ఒకే లాటుని పెదబాబు ఒకసారి, చినబాబు ఒకసారి లెక్కపెట్టి ఇద్దరూ మెప్పు పొందుతారు.

సోనామసూరి లాటు దగ్గర కథ అడ్డం తిరిగింది. ముందు వరసలో 8 బస్తాలు, లోతు 5, ఎత్తు 10. మొత్తం 400. గుమాస్తా గారు అలవాటు కొద్దీ పాతికతో హెచ్చవేసి 10,000 కిలోలు అని రాశారు. పుస్తకంలో 10,400 ఉంది.

"నాలుగొందల కిలోలు! అంటే పదహారు బస్తాలయ్యా!" అని షావుకారు గారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. కిలో యాభై చొప్పున చూసినా ఇరవై వేలు. బ్యాంకు మినహాయించుకునే పాతిక శాతం మార్జిన్ పోను, స్టాకు చూసి వాడుకోనిచ్చే అప్పు పరిమితిలో, అదే డ్రాయింగ్ పవర్‌లో, పదిహేను వేలకి గండి.

"ఎలుకలండీ," అన్నాడు ముఠా మేస్త్రి. గోడౌన్లో ఏది తగ్గినా మొదటి ముద్దాయి ఎలుకే కదా. కానీ దానికీ ఒక పొట్టంటూ ఉంటుంది. రోజుకి పాతిక గ్రాములు తింటుందనుకుంటే, 400 కిలోలు ఖాళీ చెయ్యడానికి 160 ఎలుకలు వంద రోజులు పొద్దస్తమానం పనిచెయ్యాలి. గోనె చిరగదు, నూక రాలదు, పెంట కనబడదు. అంత పద్ధతిగా తినే ఎలుకలుంటే వాటికే గోడౌన్ అప్పగించవచ్చు.

అసలు దోషి బస్తా మీదే ఉంది, పెద్దక్షరాల్లో: 26 కిలోలు. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం పాతిక కిలోలు గానీ ఆ లోపు గానీ ఉంటే అయిదు శాతం జీఎస్టీ పడింది. పాతిక దాటితే లేదు. దాంతో మిల్లులవాళ్లు ఒక్క కిలో కలిపి పన్ను తప్పించారు. బస్తా మారింది గానీ గుమాస్తా గారి నోటి లెక్క మారలేదు. 400ని 26తో హెచ్చవేస్తే సరిగ్గా 10,400. షావుకారు గారి మొహం వెలిగింది, పూతరేకులు తెప్పించారు.

సరిగ్గా కుదిరిన లెక్కనే ఆడిటర్ ఎక్కువ అనుమానిస్తాడు. ఈయన పూతరేకు పక్కనపెట్టి నిచ్చెన అడిగారు. ముందు నుంచి చూస్తే లాటు కోట గోడలా ఉంటుంది. లోపలేముందో పైకెక్కినవాడికే తెలుస్తుంది. 1963లో అమెరికాలో వంటనూనె కుంభకోణం బయటపడిందీ ఇలాంటి వ్యవహారంలోనే: ట్యాంకుల్లో పైన నూనె, కింద నీళ్లు. పైపైన కొలిచినవాళ్లకి నూనే కనబడింది. మన పాలవాళ్లకి అది పాత విద్య.

నిచ్చెన ఎక్కితే వెనక వరసలో పై రెండు అంతస్తులు లేవు. ఎనిమిది రెళ్లు పదహారు. మళ్లీ అదే పదహారు!

"మేస్త్రీ, ఈసారి కూడా ఎలుకలేనా?" అని ఆడిటర్ గారు పై నుంచే అడిగారు.

మేస్త్రి తల గోక్కున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ వెనక షట్టరు దగ్గరకి ట్రాలీ ఆటో వచ్చింది. లాటుకీ గోడకీ మధ్య సందులోంచి అందిన బస్తాలు అందినట్టు లాగి ఎక్కించారు. బిల్లు? "రేపు వేద్దాంలే" అన్నది గుమాస్తా గారే. చీటీ లక్ష్మీదేవి పటం వెనక దొరికింది, క్యాలెండరు ముక్క మీద "16 బ" అని. బ అంటే బస్తాలా, బాకీయా అన్నది కాసేపు చర్చ. రెండూ అని తేలింది. 416 కిలోల సరుకు ఈ ఏడాదే గడప దాటింది కాబట్టి, అమ్మకమూ ఈ ఏడాది పుస్తకంలోనే పడాలి. లెక్కకి ముందే ఆఖరి బిల్లు నంబరు, ఆఖరి చీటీ నంబరు రాసిపెట్టుకోమనేది ఇందుకే. నంబరే లేని క్యాలెండరు ముక్కని ఎవరు పట్టుకోగలరు?

రాత్రి పదకొండుకి బిల్లు మార్చి 31 తేదీతో వేశారు. 384 బస్తాలు, 9,984 కిలోలు. గుమాస్తా గారు, షావుకారు గారు, ఆడిటర్ గారు ముగ్గురూ సంతకాలు చేశారు. ముద్ర కూడా పడింది.

అప్పుడు వెనక షట్టరు మీద దబదబా చప్పుడు. ట్రాలీ ఆటో అబ్బాయి.

"అన్నా, మధ్యాహ్నం పదహార్లో ఒకటి చిరిగిపోయిందంట. వాపసు తెచ్చా, ఎక్కడ దించమంటావ్?"