రాగి చెంబులో లేని 35 న్యూట్రాన్లు

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంటాను. వారం రోజులుగా ఒకటే వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది: ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందినా న్యూట్రాన్ల సంఖ్య వేరుగా ఉండే పరమాణువులు) లెక్క 5 సెకన్లలో చేసేయొచ్చని. నాకే నలుగురు తల్లిదండ్రులు పంపారు. అందులో మూడు మాటలున్నాయి. పీరియాడిక్ టేబుల్‌లోని పరమాణు భారాన్ని దగ్గరి పూర్ణసంఖ్య చేసి, పరమాణు సంఖ్య (అంటే ప్రోటాన్ల సంఖ్య) తీసేస్తే న్యూట్రాన్లు వస్తాయట. ప్రోటాన్లు ఎన్నో ఎలక్ట్రాన్లూ ఎప్పుడూ అన్నేనట. ఐసోటోపు అంటేనే రేడియోధార్మికమట.

అసలు గొడవంతా మొదటి మాటతోనే. మెసేజ్‌లో ఇచ్చిన ఉదాహరణలు కార్బన్, సోడియం, అల్యూమినియం. మూడూ చిట్కాకు లొంగేవే. సోడియం, అల్యూమినియం ప్రకృతిలో దాదాపు ఒక్కో ఐసోటోపుగానే దొరుకుతాయి. కార్బన్‌లో 99 శాతం దాకా కార్బన్-12. రాగి జోలికి మాత్రం ఎందుకు పోలేదో! దాని పరమాణు భారం 63.55. అది 64 అనుకుని పరమాణు సంఖ్య 29 తీసేస్తే 35 న్యూట్రాన్లు. కానీ ప్రకృతిలో ఉన్నవి కాపర్-63, కాపర్-65 రెండే. వాటిలో న్యూట్రాన్లు 34, 36. కాపర్-64ను పనిగట్టుకుని తయారు చేసుకోవాలి. చేసినా 13 గంటలు తిరక్కుండానే సగం తరిగిపోతుంది. చిట్కా చెప్పిన పరమాణువు మీ ఇంట్లో రాగి చెంబులో వెతికినా కనబడదు. వెండిదీ ఇదే కథ: చిట్కా ప్రకారం 61, ఉన్నవి 60, 62.

63.55 ఏ ఒక్క పరమాణువు బరువూ కాదు. సుమారు 69 శాతం కాపర్-63, 31 శాతం కాపర్-65 కలిస్తే వచ్చిన సగటు. మన మిర్చి యార్డులో రెండు రకాల సరుకు కలిపి సగటు ధర కట్టండి, ఆ ధరకు ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) కూడా అమ్ముడుపోయి ఉండకపోవచ్చు. లెక్కకు కావలసింది ద్రవ్యరాశి సంఖ్య. అది ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం, ఐసోటోపు పేరులోనే ఉంటుంది. కాపర్-65 అని ఇస్తే 65లోంచి 29 తీసేయడమే. టేబుల్‌తో పని ఆ 29 కోసమే.

రెండోది సగం నిజం. విద్యుదావేశం లేని పరమాణువుకే అది వర్తిస్తుంది. క్లోరిన్-37కు ఒక రుణావేశం ఉంటే ప్రోటాన్లు 17, న్యూట్రాన్లు 20, ఎలక్ట్రాన్లు 18. పరీక్షల్లో పిల్లలు బోల్తా పడేది ఇక్కడే, ఆ చిన్న మైనస్ గుర్తు చూసుకోక.

మూడో అపోహ ఎలా పుట్టిందో ఊహించొచ్చు. 1913లో రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ ఐసోటోపు అనే పేరు వాడింది రేడియోధార్మిక మూలకాల మీద పనిచేస్తూనే. పేరుకు అర్థం మాత్రం ‘ఒకే చోటు’, అంటే టేబుల్‌లో ఒకే గడి. తగరం ఒక్కదానికే 10 స్థిర (అంటే రేడియోధార్మికం కాని) ఐసోటోపులున్నాయి.

మెసేజ్ పంపిన ఒకావిడ టెన్షన్ పడిపోయి, ‘ఉప్పులో కూడా ఐసోటోపులుంటాయంట కదా మాస్టారూ?’ అని అడిగారు. ఉంటాయమ్మా. అందులోని క్లోరిన్-35, క్లోరిన్-37 రెండూ స్థిరమైనవే. పప్పులో వేసుకోండి.