ఏనుగులు కట్టించిన ఫ్లాట్లు

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం, డీప్ రివర్ ఊళ్లో ప్రాట్, రీడ్ కంపెనీ పాత ఫ్యాక్టరీ ఇప్పుడు ఫ్లాట్లయింది. పేరు పియానో వర్క్స్. వినగానే సంగీతం గుర్తొస్తుంది, ఏనుగు గుర్తురాదు. ఈ పేరు పెట్టినవారికి వీరతాడు వేయాలి.

నిజానికి అక్కడ పేరుపడ్డ సరుకు పియానో కాదు, పియానో మీటలు. మొత్తం 88 మీటల్లో తెల్లవి 52. ఒక్కోదానికి ముందు వెడల్పు రేకు, వెనక సన్నటి తోక రేకు. వెరసి పియానోకి 104 ఏనుగు దంతపు రేకులు. రేకు ఎంత పల్చనంటే కింది జిగురు రంగు పైకి కనబడుతుంది, అందుకే జిగురును కూడా తెల్లగా చేయాలి. పచ్చటి దంతం నచ్చని కొనుగోలుదారుల కోసం పెరాక్సైడ్‌లో నానబెట్టి, అద్దాల షెడ్లలో వారాల తరబడి ఎండకు పెట్టేవారు. మూత వేసి చీకట్లో ఉంచితే మీటలు మళ్లీ పచ్చబడతాయి. పియానోను ముట్టుకోకుండా భద్రంగా దాచుకున్న ఇళ్లకే ఈ శిక్ష! ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నది మనవాళ్లు. ఆ లెక్క తేల్చి చూపింది వీళ్లు.

నీతి విషయంలో మాత్రం ఊరికి వంక పెట్టలేం. కంపెనీ మూలపురుషుల్లో ఒకరైన జార్జ్ రీడ్ బానిసత్వానికి బద్ధ వ్యతిరేకి. అమెరికా దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసకు ఆశ్రయమిచ్చిన మనిషి. ఆఫ్రికా లోపలి నుంచి జాంజిబార్ రేవుకు దంతాలు మోసిన బానిసలు డీప్ రివర్ దాకా పారిపోయి రాలేకపోయారు. అంత దూరం ఈదలేకపోవడం వారి తప్పే కదా!

1881లో ఫ్యాక్టరీ కాలిపోతే మళ్లీ కట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో అదే చెక్కపని చేతులతో సైన్యానికి గ్లైడర్లు, అంటే ఇంజను లేని విమానాలు చేశారు.

ఇక కాపురాల సంగతి. ఇలాంటి పాత మిల్లుల్లో పెద్ద కిటికీలు పనివాడి మీద జాలితో పెట్టినవి కావు. పగటి వెలుతురు ఉచితం గనుక పెట్టినవి. ఇప్పుడు ఆ వెలుతురుకే ధర కట్టొచ్చు. చిక్కల్లా నేలతోనే. లావు దూలాల మీద నేరుగా పరిచిన మందపాటి పలకలు, మధ్యలో ఖాళీ లేదు. పైవాడి మడమ కిందివాడి నెత్తిన మోగుతుంది. పైన రబ్బరు చాప పరిచి, పల్చటి కాంక్రీటు పోస్తే కొంత తగ్గుతుంది, కానీ నేల ఎత్తు పెరిగి తలుపుల అడుగు కోయాలి. కింద సీలింగు కొడితే ఇంకా తగ్గుతుంది, కానీ దూలాలు మూసుకుపోతాయి. దూలాలు కనబడని ఫ్లాటు ఎవరు కొంటారు? కాబట్టి ఇలాంటి భవనాల సంఘాలకు మా సూచన: గోడకు పియానో బొమ్మ ఎంత పెద్దదైనా తగిలించుకోవచ్చు, లోపల పియానో వాయించడం నిషిద్ధం.