మూడు సెంటీమీటర్ల తేడా

స్కీయింగ్ నేర్చుకుందామని పొద్దున పిల్లల మంచు వాలు మీద నేను పడ్డ పాట్ల జోలికి ఇప్పుడు వెళ్లను. పడ్డాను, లేచాను, మధ్యాహ్నానికి కాస్త నిలబడగలిగాను. తీగ మీద నడిచే పెట్టె, అదే గొండోలా, ఎక్కి కొండ మధ్యలో ఉన్న రెస్టారెంట్‌కు వెళ్లి, స్కీలు బయట స్టాండుకు ఆనించి, తినేసి వచ్చాం. అసలు కథ అక్కడ మొదలైంది.

ఆ స్టాండు నిండా అద్దె స్కీలే. ఒకటే రంగు, ఒకటే కంపెనీ, ఒకటే స్టిక్కరు. తేడా ఏమైనా ఉంటే బార్‌కోడ్ కింద చీమ తలకాయంత నంబర్లోనే. అది చదవాలంటే చలువ కళ్లద్దాలు తీసి, మామూలు కళ్లద్దాలు పెట్టుకుని, మోకాళ్ల మీద వంగాలి. ఆ బూట్లతో వంగిన మనిషి మళ్లీ ఎప్పుడు లేస్తాడో ఎవరూ చెప్పలేరు. నేను చివరి గుంజకు ఆనించాను, చివరి గుంజకు ఒక జత ఉంది. తీసుకున్నాను.

స్కీ మీద బూటును పట్టుకునేదాన్ని బైండింగ్ అంటారు. బూటు మొన ముందు దూర్చి, మడమతో వెనక గట్టిగా తొక్కితే టక్కుమంటుంది. ఈ విద్యలో నాకు ఒడుపుగా వచ్చింది అదొక్కటే. మొన దూర్చాను. తొక్కాను. టక్కు లేదు.

"అడుగున మంచు అంటుకుని ఉంటుంది బావా, గీకెయ్" అన్నాడు మా బావమరిది. నిజమే, మంచు గడ్డకట్టి ఉంటే బూటు దిగదు. కర్రతో గీకాను. తొక్కాను. ఊహూఁ. పక్కనున్న పెద్దమనిషి ఒకాయన వెనక లివర్ కిందికి దించి ఉందో లేదో చూసుకోమన్నాడు. దించే ఉంది. ఇంకొకావిడ కాలు మార్చి చూడమంది. మార్చాను. ఇక లాభం లేదని ఒడ్లు దంచినట్టు దంచడం మొదలుపెట్టాను.

ఇక్కడ బ్రేకుల సంగతి చెప్పాలి. స్కీ దానంతటది జారిపోకుండా, మడమ దగ్గర రెండు కొక్కేలు మంచులోకి గుచ్చుకుని ఉంటాయి. పైనుంచి బూటు నొక్కగానే అవి పైకి లేచిపోతాయి. అంటే నేను దంచిన ప్రతిసారీ బ్రేకు లేచేది, స్కీ ఓ జానెడు ముందుకు జారేది, నేను రెండో కాలితో దాని వెంట కుంటేవాణ్ని. మళ్లీ దంపు, మళ్లీ జానెడు. తొక్కుడు ధ్యాసలో పడి తలెత్తి చూడలేదు. చూసేసరికి రెస్టారెంట్ ఎక్కడో పైనుంది, నేను కింద, జనాన్ని కొండ పైకి మోసే లిఫ్టు క్యూ నోట్లో, గేటుకు సరిగ్గా అడ్డంగా ఉన్నాను. వెనక జనం. మా బావమరిది మాత్రం పైనుంచే "ఇంకొంచెం బరువెయ్ బావా!" అని అరుస్తున్నాడు.

బరువు గురించి అతను మాట్లాడటమా! ఎంత ఒత్తిడికి ఊడాలో బైండింగ్‌కు అమర్చేది మన బరువు, ఎత్తు, వయసు, అనుభవం చూసి. పడినప్పుడు కాలు విరగకుండా అది ఊడిపోవాలి. అందుకే అద్దె ఫారంలో అవన్నీ అడుగుతారు. అక్కడ ఈయనగారు మొహమాటపడి బరువు బాగా తగ్గించి రాశాడు. పొద్దుటి నుంచీ మలుపు మలుపుకీ అతని స్కీ ఒకటి ఊడి పక్కకు పోతూనే ఉంది.

చివరికి లిఫ్టు దగ్గరి కుర్రాడు వచ్చి, నా మడమ పక్క ఓ చూపు, బైండింగ్ మీద ఓ చూపు చూశాడు. "మీ బూటు 325 మిల్లీమీటర్లు. దీన్ని 295కు సెట్ చేశారు. సాయంత్రం దాకా తొక్కినా పట్టదు. ఇవి మీవి కావు" అన్నాడు. వెనక క్యూలో ఎవరో చప్పట్లు కొట్టారు.

అంటే నావి ఎవరో మోసుకుపోయారు. తొడుక్కుని ఉంటే వాడికీ తెలిసేది. భుజాన వేసుకుని గొండోలాలో దిగిపోయి ఉంటాడు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య వాలు మీద ఎలా మెలగాలో 1967లోనే నియమాలు పెట్టింది. అవి పది. ముందున్నవాణ్ని ప్రమాదంలో పడెయ్యకూడదు, ఇరుకు చోట ఆగకూడదు, ప్రమాదం జరిగితే పేరూ చిరునామా ఇవ్వాలి. పక్కవాడి స్కీలు ఎత్తుకుపోయేవాడు మాత్రం ఏ చిరునామా ఇవ్వక్కర్లేదు కాబోలు.

కిందికి దిగి, అద్దె కౌంటర్‌లో ఆ జత పెట్టాను. అమ్మాయి నా పేరు కొట్టి చూసింది.

"మీ స్కీలు తిరిగి ఇచ్చేశారు కదా సార్."

"నేనివ్వలేదమ్మా. ఇంకెవరో ఇచ్చారు. తీసుకునేటప్పుడు పేరు చూడరా?"

"స్కాన్ చేస్తాం సార్. పేరు చూడం."

పోనీ, నావి నాకిచ్చెయ్, సాయంత్రం దాకా డబ్బు కట్టాను కదా అన్నాను. ఇచ్చేసినవి మళ్లీ తీసుకోవాలంటే కొత్త ఫారం నింపాలట, కొత్తగా డబ్బు కట్టాలట. కంప్యూటర్ లెక్కలో నేను ఇంటికి వెళ్లిపోయిన మనిషినట.

"మరి ఇవి ఎవరివి?"

"వేరే ఆయనవి సార్. పూటకే తీసుకున్నారు, టైమ్ అయిపోయింది. ఇవి స్కాన్ చేసేదాకా ఆయన పేరు మీద లేటు ఫీజు పడుతూనే ఉంటుంది. ఇలా ఇచ్చేయండి."

కౌంటర్ మీది జత మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. తొందరేం లేదమ్మా అని చెప్పి, బల్ల మీద కూర్చుని బూటు క్లిప్పులు ఒక్కొక్కటే నిదానంగా విప్పడం మొదలుపెట్టాను.